ఐదో పావలా

“బ్యారెల్ మార్చాను. స్ప్రింగు మార్చాను. ట్రిగ్గరు రెండుసార్లు మార్చాను. ఆఖరికి నా మేజోళ్ళు కూడా మార్చానయ్యా గార్లండ్! అయినా చివరి రౌండు రాగానే మొరాయిస్తుంది!”

డెల్మర్ హాస్కెట్ తన కార్బైన్ తుపాకీని బల్ల మీద పెట్టి, పక్కనే పాత సామాన్ల సంచీ కుమ్మరించాడు. పీకిపారేసిన ముక్కలతోనే ఇంకో రెండు తుపాకులు తయారయ్యేలా ఉన్నాయి.

ఓక్లహోమాలో ఆ చుట్టుపక్కల గురి పోటీల తుపాకులు కూర్చాలన్నా, బాగుచేయాలన్నా గార్లండే. డెల్మర్ సంగతి అతనికి కొత్తేం కాదు. దాణా మిల్లులో రిటైరైన దగ్గర్నుంచి ఆ పెద్దమనిషి ఏ వస్తువునీ ఉన్నట్టు ఉండనిచ్చింది లేదు. చక్కగా నడుస్తున్న ఫ్రిజ్‌ని ఇంకా చక్కగా నడిపిస్తానని విప్పి, నెలరోజులు పాలు పక్కింట్లో పెట్టించిన ఘనుడు.

“మేజోళ్ళకీ తుపాకీకీ ఏమిటండీ సంబంధం?”

“అది క్లబ్బులో వాళ్ళనడుగు. తలా ఒక సలహా పారేశారు, అన్నీ పాటించాను. ఇక నావల్ల కాదు. అందరి ముందూ చెప్పేశాను. ఈ శనివారం కూడా తూటా ఇరుక్కుందంటే దీన్ని అమ్మేసి పోటీలకి దణ్ణం పెట్టేస్తాను. ప్రతి శనివారం ఇంట్లో నోరీన్ దగ్గరే! వంటింటి అలమరాలన్నీ నేనే సర్దిపెడతాను. డబ్బాలకి పేర్లు అంటిస్తాను. గుడ్డు వేయించడంలో కూడా ఆవిడకి నేర్పాల్సింది చాలా ఉందిలే.”

పైకి ఎంత గొప్పగా చెప్పినా ఆయన చెయ్యి తుపాకీని నిమురుతూనే ఉంది. పోటీ లేని శనివారం తలుచుకుంటేనే ప్రాణం పోయినట్టుంది పాపం.

ఆయన వెళ్ళాక గార్లండ్ తుపాకీ మడమ వైపు గొట్టం విప్పాడు. స్ప్రింగు, దాని ముందుండే బరువుకడ్డీ బయటికొచ్చాయి. వెనకాలే పావలా బిళ్ళలు గలగలమంటూ బల్ల మీద పడ్డాయి. ఇందులో వింతేం లేదు. పేల్చినప్పుడల్లా వెనక్కి జరిగి కొత్త తూటాని అందుకునే బోల్టు మరీ వెనక్కి పోకుండా గొట్టం అడుగున పావు డాలరు బిళ్ళలు పేర్చడం కార్బైన్లు కూర్చేవాళ్ళందరూ చేసేదే. దీనికి నాలుగు చాలు. డెల్మర్ ఐదు వేశాడు! దాంతో బోల్టుకి వెనక్కి వెళ్ళే చోటు తగ్గింది. పొద్దున శుభ్రంగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది. మధ్యాహ్నానికి మసి పట్టేసరికి నీరసించి, తరవాతి తూటాని అందుకోలేకపోతుంది. తుపాకీ అంతా మార్చిన మహానుభావుడు ఆ బిళ్ళల జోలికి మాత్రం పోలేదు.

“ఓరి నీ! ఇంతేనా!” అని గార్లండ్ నవ్వుకుంటుండగా తలుపు తెరుచుకుంది. డెల్మర్ భార్య నోరీన్. చేతిలో పీచ్ పండ్లు కూరి కాల్చిన ‘పై’ వంటకం, ఇంకా వేడిగా ఉంది.

“నేనొచ్చినట్టు ఆయనకి చెప్పకు. దాని రోగమేమిటో తెలిసిందా?”

గార్లండ్ చూపించాడు. ఆమె ఐదో బిళ్ళని దీపం కిందికి తీసుకుని చూసింది.

“మా పెళ్ళయిన ఏడాదిది. అదృష్టమని వేసుంటాడు, పిచ్చి మనిషి.” కళ్ళు చెమర్చాయి. “ఇది లోపలుంటే తప్పకుండా ఇరుక్కుంటుందా?”

“మధ్యాహ్నానికి ఖాయం.”

“తీసేస్తే?”

“చెప్పినట్టు వింటుంది.”

“ఎలా విప్పావో మళ్ళీ చూపించు.”

చూపించాడు. ఆమె కళ్ళార్పకుండా చూసి, కుర్చీలో కూలబడింది.

“ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క శనివారం ఇంట్లో లేడు గార్లండ్. ఇప్పుడు పొద్దుట్నుంచి రాత్రిదాకా నా పక్కనే కూర్చుంటాడట!” చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “నా బతుకు నీ చేతిలో ఉంది. ఆలోచించి చెయ్యి.”

ఆమె వెళ్ళిపోయింది. గార్లండ్ మనసు కరిగి నీరైంది. ఇన్నాళ్ళకి మొగుడు దక్కబోతుంటే తను అడ్డుపడడమా? అలాగని లోపం తెలిసీ తుపాకీని తిరిగివ్వడమా? అలాంటి పని అతను జన్మలో చేయలేదు. ఆ వంటకం ఒక ముక్క తింటూ ఆలోచించాడు. రెండో ముక్క అయ్యేసరికి నిర్ణయం కూడా అయిపోయింది. ఐదు బిళ్ళలూ మళ్ళీ లోపల పేర్చి గొట్టం బిగించేశాడు.

శుక్రవారం డెల్మర్ వచ్చినప్పుడు, “తుడిచి నూనె వేశాను, డబ్బులొద్దులెండి,” అన్నాడు, ఆయన మొహంలోకి చూడకుండా.

శనివారం మధ్యాహ్నం, చివరి రౌండు. ఎన్నడూ రాని నోరీన్ కూడా వచ్చి గుడారం నీడలో మడతకుర్చీ వేసుకుంది. గార్లండ్‌కి కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. టైమరు కూత పెట్టింది. డెల్మర్ చెక్క తడికల మధ్య దడదడా పరిగెత్తాడు. గురి కోసం నిలబెట్టిన ఇనప పలకలు ఠంగు ఠంగుమని వరసగా పడిపోయాయి. కార్బైన్ ఒక్కసారి కూడా ఆగలేదు!

పెద్దవాళ్ళ విభాగంలో మొదటి బహుమతి, పొగబెట్టిన పంది తొడ. డెల్మర్ దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని గంతులేశాడు.

“మానను! ఈ సీజను వస్తాను! వచ్చే సీజనూ వస్తాను! నన్ను పాతిపెట్టేదాకా వస్తాను!”

అందరూ చప్పట్లు కొట్టారు. నోరీన్ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గార్లండ్ ఇక తట్టుకోలేకపోయాడు. ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నన్ను క్షమించండి నోరీన్ గారూ. ఒట్టు, మీ కోసమే నేను ఐదు బిళ్ళలూ లోపలే ఉంచి ఇచ్చాను. మధ్యలో ఐదోది ఎవరు తీసేశారో నాకు తెలీదు!”

మొగుడు వినేంత దగ్గర్లో లేడని చూసుకుని, నోరీన్ కళ్ళు తుడుచుకుని, చేతిరుమాలులోని ఐదో పావలా చూపించింది.

“శనివారాలు కూడా ఆయన ఇంట్లోనే ఉంటే నేను బతకాలా వద్దా?”