నడిమి యాభై గాట్లు

"ఈ డిజైను పూర్తిగా నాదేనండీ. మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్నా," అన్నాడు వరప్రసాదరావు.

కంప్యూటర్ తెర మీద దీపం బొమ్మను తిప్పి చూపిస్తున్న జాకియా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

జగ్గయ్యపేటలో బళ్ల దీపాలు తయారుచేసే చిన్న కంపెనీ అది. వరప్రసాదరావు అక్కడ డిజైను మేనేజరు. జాకియా ఆయన కింద పనిచేస్తుంది. ఎదురుగా కూర్చున్న నరేంద్ర నందిగామలో బస్సు బాడీలు కట్టే కంపెనీలో ఇంజనీరు. తమ కొత్త బస్సు వెనక దీపంలో మూరెడు పొడవున ఒకే ఎర్రటి గీత వెలగాలని అడిగింది ఆయనే.

"వెలుతురు ఎక్కడా ఎక్కువ తక్కువల్లేవు. ఎట్టా సాధించారండీ?" అన్నాడు నరేంద్ర.

వరప్రసాదరావు ఒక్క క్షణం తడబడి, జాకియా వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నీకు వివరంగా చెప్పాగా నేను."

జాకియా గొంతు సవరించుకుంది. "ఇది అద్దంలాంటి ప్లాస్టిక్ కడ్డీ సార్. ఒక చివర ఎల్‌ఈడీ ఉంటుంది. కడ్డీ వెనకాల సన్నటి గాట్లు పెడతాం. గాటు తగిలిన చోటల్లా వెలుతురు బయటికొస్తుంది. అన్నీ ఒకే లోతున పెడితే ఎల్‌ఈడీ పక్కన మండిపోతుంది, అవతలి చివర ఆరిపోయినట్టుంటుంది. అందుకని దగ్గర తక్కువ లోతు, దూరం పోయేకొద్దీ ఎక్కువ. మొత్తం మూడొందల గాట్లు. ఏ రెండూ ఒక్కటి కావు."

"శభాష్ వరప్రసాదరావు గారూ!" అన్నాడు నరేంద్ర, ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ. "గురువారం మొదటి పీసు పట్రండి. బస్సుకి బిగించి చూద్దాం. మా ఎండీ గారు కూడా ఉంటారు."

వాళ్లిద్దరూ నవ్వుకుంటూ బయటికి వెళ్లారు. జాకియా మాత్రం కదల్లేదు. ఆ మూడొందల గాట్లనూ ఒక్కొక్కటే సరిచేసింది తను. వందో గాటు దిద్దితే రెండొందలోది చెడేది. మళ్లీ మొదటికొచ్చేది. కళ్లు మండుతుంటే చన్నీళ్లు కొట్టుకొచ్చి కూర్చునేది.

"వదిలెయ్యవే," అంది పక్క సీటు గ్రేసీ.

జాకియా తెర వైపు తిరిగింది. ఫైలుకి ఇంకో కాపీ తీసింది. కడ్డీ నడిమధ్యలో యాభై గాట్లు ఎంచుకుని వాటి లోతు ఇంచుమించు సున్నాకి తెచ్చేసింది.

గ్రేసీ కుర్చీ దగ్గరికి లాక్కుని తెరలోకి చూసి అదిరిపడింది. "ఏందే ఇది? మధ్యలో చీకటి పడుద్ది!"

"పడనీ."

"నీకు పిచ్చెక్కిందా? తేడా వస్తే సారు నీ మీదకే తోస్తాడు. పోయినేడు ఇండికేటర్లు కరిగిపోతే మన ఫ్రాన్సిస్‌ని ఎట్టా బలిచ్చాడో మర్చిపోయావా?"

"మర్చిపోలా," అంది జాకియా, సేవ్ చేస్తూ.

ఆ మార్చిన డ్రాయింగు చేతికిస్తే వరప్రసాదరావు ఫోన్లో మాట్లాడుతూనే కింద సంతకం గీకేశాడు. మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్న మనిషి ఒక్క గాటు వంకైనా చూడలేదు. ఆ సంతకం చూసి జాకియా లోపల్లోపల రగిలిపోయింది. ఆ వారమంతా అన్నం తింటున్నా, బస్సులో నిలబడ్డా ఆమెకి ఒకటే దృశ్యం: అందరి ముందూ మాట పడిపోయి, పెదాలు తడుపుకుంటున్న వరప్రసాదరావు.

గురువారం పొద్దున ఇద్దరూ కంపెనీ కారులో నందిగామ బయల్దేరారు.

"వెలిగించి చూశావా?" అన్నాడు వరప్రసాదరావు దారిలో.

"చూశా సార్. అనుకున్నట్టే వచ్చింది."

"నువ్వు మాత్రం అక్కడ ఏం మాట్లాడమాక. నేను చూసుకుంటా."

"సరే సార్."

షెడ్డులో కొత్త బస్సు సిద్ధంగా ఉంది. ఎండీ రత్నమణి, నరేంద్ర, ఇంకో అరడజను మంది దాని వెనక నిలబడ్డారు. దీపం బిగించారు. వెలుగు తేలిగ్గా కనపడాలని షట్టర్లు దించారు. స్విచ్చి వేశారు.

ఎర్రటి గీత వెలిగింది. సరిగ్గా నడిమధ్యలో, బెత్తెడు మేర, మసిబట్టతో తుడిచినట్టు నల్లగా ఉంది.

నరేంద్ర వంగి, వేలితో ఆ నల్లటి చోటు తడిమాడు.

"ఇదేంటండీ వరప్రసాదరావు గారూ? ఒకే గీత అన్నారు. రెండు ముక్కలున్నాయి."

వరప్రసాదరావు ముఖం పాలిపోయింది. పెదాలు తడుపుకున్నాడు. ఆ దృశ్యాన్ని జాకియా రెప్ప వెయ్యకుండా చూసింది.

"డిజైను మీదేనన్నారట?" అంది రత్నమణి.

"అయ్యో, కాదండీ!" ఆయన చెయ్యి చటుక్కున జాకియా వైపు లేచింది. "ఇదంతా ఈ అమ్మాయి పనేనండీ. మొదటి గాటు నుంచి చివరి గాటు దాకా తనే చేసింది. నేను సంతకం పెట్టా, అంతే. ప్రమాణం చేసి చెప్తున్నా, నా చెయ్యి ఒక్క గీత మీద కూడా పడలేదు."

అందరి కళ్లూ జాకియా మీదకి తిరిగాయి. ఇంజనీర్లలో ఒకాయన పెదవి విరిచాడు. నరేంద్ర తల అడ్డంగా ఊపాడు.

"నిజమేనా అమ్మా? మొత్తం నువ్వే చేశావా?" అంది రత్నమణి కటువుగా.

"నిజమేనండీ, మొత్తం నేనే చేశా. ఆ మాట సార్ నోటితోనే మీ అందరి ముందూ చెప్పించాలని ముందు ఈ పాడుది పెట్టించా," అంటూ జాకియా తన భుజాన ఉన్న పొడుగు సంచిలోంచి అసలు కడ్డీ బయటికి తీసింది.