నాన్న గిన్నె

షుగరు జబ్బున్న ప్రతి ఇంట్లోలాగే మా వంటగట్టు మీదా ఒక గాజు గిన్నె ఉంది. అందులో ఉన్నవి ఆస్పత్రిలో పెంచి ఇచ్చిన నాన్న గుండె కణాలు. కాల్షియం పొంగినప్పుడు అవి బిగుసుకుని ఆకుపచ్చగా వెలుగుతాయి. అది వెనక్కి తగ్గితే సడలి ఆరిపోతాయి. షుగరు ముదిరేకొద్దీ ఆరడం ఆలస్యమవుతుంది. రోజూ పొద్దున్నే ఆ గిన్నె చూశాకే అమ్మ నాన్నకు కాఫీ కలిపేది. పదిహేనేళ్లలో ఒక్కసారీ పంచదార వెయ్యలేదు.

నాన్న పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. గిన్నె మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

ఆయనకిష్టమని పరమాన్నం వండాం. విస్తరి డాబా మీద పెట్టి గంటసేపు నిలబడ్డాను. కాకి రాలేదు. దిగి వచ్చేసరికి అమ్మ పరమాన్నం చెంచాతో గాజు గిన్నె ముందుంది.

"కాకి రాకపోతేనేం, మీ నాన్నే తిన్నారే! చూడు, ఎలా వెలిగిపోతున్నారో. ఇన్నేళ్లూ నోరు కట్టేశాను పాపం."

గిన్నె నిండా ఆకుపచ్చ వెలుగు. ఆరుతుందేమోనని చాలాసేపు చూశాను. ఆరలేదు. బిగుసుకున్న ఆ కణాలు ఇక సడలవు.

"అవునమ్మా," అన్నాను. "ఇంకో చెంచా పెట్టు."