ఇంకొక్క పాట

“అదుగో, ఇల్లరికం అల్లుడు వేంచేశాడు,” అన్నాడు అన్నయ్య.

చెల్లెలు తలెత్తి చూసింది. ఆ పెద్దాయనే.

స్పీకర్లూ, హెడ్‌ఫోన్లూ అమ్మే కొట్టు వాళ్లది. ఆయన రోజూ వస్తాడు. మూల కుర్చీలో కూచుంటాడు. కొట్లో నెట్ పాటల ప్లేయరుకి తగిలించిన మంచి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఏం వింటాడో ఎవరూ అడగలేదు. కొనేది మాత్రం ఏమీ లేదు.

చెల్లెలికి అసలే మనసు బాగాలేదు. గిటారు పట్టుకుని, ప్రాణం పెట్టి ఓ ఆల్బం పాడింది. కంట్రీ పాప్ అంటారే, అమెరికా పల్లెపాటల బాణీ, ఆ బాపతు. నెట్‌లో పెట్టింది. మామూలుగా పాటని నొక్కి, కుదించి పంపిస్తారట. ఈమె అదీ పెట్టింది, పాడింది పాడినట్టు వెంట్రుకవాసి పోకుండా వినిపించేదీ పెట్టింది. లాస్‌లెస్ అంట.

నెట్‌లో లెక్క చూస్తే వినేది ఒకే ఒక్కరు. ఎవరో ఏమో, రోజూ ఆ లాస్‌లెస్సే.

“ఒక్కడి కోసం ఎందుకే ఆ గోల? తీసి పారెయ్.”

“ఆ ఒక్కడూ మానేసిన రోజు తీసేస్తాలే అన్నయ్యా. పాడ్డం కూడా మానేస్తా, నీకు చెవిపోటు తగ్గుతుంది.”

“ముందు ఆ కుర్చీ ఖాళీ చేయించు. కొనేవాళ్లు వస్తున్నారు.”

వెళ్లి భుజం తట్టింది. “లేవండి తాతగారూ.”

“ఇంకొక్క పాటమ్మా. ఆఖరిది. అది వినకపోతే నాకు రోజు గడవదు.”

“ఇంటికెళ్లి వినండి.”

“ఇంట్లో చిన్న ఫోను తల్లీ. అందులో అంతా పీచుపీచుగా వస్తుంది. ఇక్కడైతే పక్కన కూచుని పాడినట్టుంటుంది.”

“ఎందుకుండదూ! కొట్టనుకున్నారా, సత్రమనుకున్నారా? ఊరికే వచ్చి వినేవాళ్లతో మాకేం పని?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

పెద్దాయన మొహం చిన్నబోయింది. హెడ్‌ఫోన్లు తీసి, చొక్కా అంచుతో తుడిచి, కుర్చీలో పెట్టాడు.

“తప్పయింది తల్లీ. ఇంక రాను.”

అద్దంలోంచి చూస్తూనే ఉంది. రోడ్డు దాటాడు. బస్సెక్కాడు. బస్సు కదిలింది.

“హమ్మయ్య,” అంది.

హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుంది. ప్లేయరు ఇంకా ఆపలేదు.

“వినకపోతే రోజు గడవని పాట ఏంటో,” అని నవ్వుకుంటూ చెవులకి పెట్టుకుంది.

ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత సన్నగా ఒక ఊపిరి, ఆ వెనకే పాట ఎత్తుకుంటున్న తన గొంతు.