రాయి తగిలిన పైపు

“రాయి తగిలింది బామ్మర్దీ, ఇంకేం లేదు,” అన్నాడు బావ, చొక్కాకు మరక అంటుతుందని జీపుకు ఆమడ దూరంలో నిలబడి.

తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చిన జీపు కింద మెకానిక్ వెల్లకిలా పడుకుని చూస్తున్నాడు. గేర్‌బాక్సులోని వేడి ఆయిల్‌ను ముందున్న కూలర్‌కు మోసుకెళ్లే రెండు సన్నటి పైపుల్లో ఒకటి తెగి వేలాడుతోంది. ఎర్రటి ఆయిల్ అతని చెవి పక్కనున్న ట్రేలోకి చుక్కలు చుక్కలుగా పడుతోంది. అది లేకుండా జీపు కొండ కాదు కదా, వీధి చివరి మలుపు కూడా దాటదు.

“మూడేళ్లుగా ఇదే వరస. జీపులతో కొండెక్కే పోటీ ఆదివారమైతే గురువారానికల్లా పైపు పోతుంది. బండి ఎవరు చూస్తారని క్లబ్బులో అందరూ అడుగుతున్నారు.”

“చెప్పేశావా బావా?”

“దాచడానికేముంది? మా బామ్మర్దేనన్నాను.”

మెకానిక్‌కు ఒళ్లు మండింది. క్లబ్బు జీపులు రెండు ఇప్పటికే వేరే షెడ్డుకు మళ్లాయి. సొంత బావ బండినే నిలబెట్టలేనివాడి దగ్గరికి ఇంకెవరొస్తారు? ఈసారి కూడా పైపు పోతే పదిహేనేళ్ల పేరు గంగలో కలిసినట్టే. బావకేం, పోటీకి అందరికంటే ముందు పేరిస్తాడు, కొత్త టోపీ కొంటాడు. కొండ నెత్తిన జెండా పాతి దిగినట్టే ఏడాది పొడవునా కబుర్లు చెబుతాడు.

బావ వెళ్లాక మెకానిక్ పైపు విప్పి కడిగాడు. బండి నుంచి తీసిన పాత సామాను పారేయకపోవడం అతని అలవాటు. అటక మీది నుంచి గత రెండేళ్ల పైపులు కూడా దించి మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చూసి, అక్కకు ఫోన్ చేశాడు.

అక్క వచ్చి పైపుల వంక చూసింది.

“రాయి తగిలితే నొక్కుకుపోవాలక్కా. ఇవి చూడు, కొలిచి కోసినట్టున్నాయి. ఇది రంపం పని. మీ ఇంట్లో మనిషి పని.”

ఆమె ఒక పైపు కొస మీద వేలు రాసి చూసింది. “మీ బావతో అన్నావా?”

“లేదు.”

“అనకు. నేనే అనుకో.”

“అనుకోవడమేంటి?”

“నేనేరా! మూడేళ్ల కిందట ఆ కొండ మీంచి ఒక బండి దొర్లింది, చూశావుగా. భయమేసింది. చాలా?”

కోపంతో మొదలుపెట్టినవాడికి జాలేసింది. తాళి కట్టినవాడి ప్రాణం కోసం ఎర్రటి ఆయిల్‌లో చేతులు ముంచిందా పిచ్చిది! అయినా షెడ్డు పేరు సంగతి?

“పైపు పాత చోటే వెయ్యరా, చేతికందేలా,” అంది అక్క మెల్లగా.

“కుదరదు. ఈసారి చీమ కూడా దూరనివ్వను.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను పట్టేశానని మెకానిక్‌కు లోలోపల కాస్త గర్వంగానే ఉంది.

రెండు రోజులు కూర్చుని కొత్త పైపులు వంచాడు. పొట్ట కింద వేలాడే పాత దారి మానేసి, చాసిస్ చట్రం లోపలి అంచు వెంబడి పైకి తీసుకెళ్లాడు. సైలెన్సర్ వేడి తగలకుండా ఎడం ఇచ్చాడు. జానెడుకొక క్లాంపు బిగించాడు. ఇంజన్ ఊగినా లాగకుండా చివర్లలో రబ్బరు గొట్టం వదులుగా వదిలాడు. కింద ఇనుప ప్లేటు అడ్డం పెట్టి నాలుగు బోల్టులు వేశాడు. ఆయిల్ పోసి అరగంట ఇంజన్ నడిపించాడు. కింద పరిచిన కాగితం మీద ఒక్క చుక్క పడలేదు.

బావ వచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, న్యూస్‌పేపర్ పరుచుకుని మరీ జీపు కిందికి దూరాడు.

“పైపేదయ్యా? కనబడదే!”

“కనబడకూడదనేగా!”

“చెయ్యి కూడా పట్టదు కదా. మరి రిపేరొస్తే?”

“రాదు బావా. ఈసారి కొండ నీదే.”

బావ గుటక మింగాడు. ఆనందంతో మాట రాలేదనుకున్నాడు మెకానిక్.

“ఈ ప్లేటుకు ఎన్నో నంబరు పానా పడుతుంది? ఊరికే, తెలుసుకుందామని.”

“పదమూడు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకు.”

“నేనెందుకు చెబుతాను!” అన్నాడు బావ, జీపును ఇంటికి తీసుకెళ్లడానికి తాళం అందుకుంటూ.

ఆదివారం తెల్లవారింది. బయల్దేరేముందు ఆయిల్ మట్టం ఒకసారి చూద్దామని, అనుకున్న వేళకంటే గంట ముందే మెకానిక్ అక్కావాళ్లింటికి చేరాడు. జీపు ఉన్న గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల బండి పక్కన అక్క, ఒక చేతిలో టార్చి. రెండో అరచేతిలో నాలుగు బోల్టులు.

మెకానిక్ గబగబా లోపలికొచ్చాడు. బావ లేస్తే రభస అవుతుందని గొంతు బాగా తగ్గించాడు.

“అక్కా, ఇంత చెప్పినా మళ్లీనా?”

ఆమె ఉలిక్కిపడి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“నా షెడ్డు సంగతి వదిలెయ్. మూడేళ్లుగా ఆశ పెట్టుకున్న మనిషి. ఆయన మొహం ఎలా చూస్తావు?”

అక్క తల దించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టుంది ఆమె మొహం.

“ఆ రంపం ఎక్కడ దాచావో ఇటివ్వు,” అన్నాడు మెకానిక్, చెయ్యి చాపుతూ.

“టార్చి కాస్త ఎడమకు పట్టవే,” అన్నాడు జీపు కింద నుంచి బావ.