అత్తగారి పాట ఉన్న కార్డు

"ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోందండీ," అన్నాడు అల్లుడు, గొంతులో సంతోషం తొణకకుండా జాగ్రత్తపడుతూ.

మెమరీ కార్డు సైజు సరిపోలడం లేదని, లోపల ఏముందో చదవలేకపోతున్నానని టీవీ తెర మీద రెండు లైన్లు పడ్డాయి. ఎదురుగా సోఫాలో అత్తగారు, ఆవిడ పక్కన కూతురు.

"ఫార్మాట్ అంటే?" అంది అత్తగారు.

"అంతా తుడిచేసి కొత్తగా మొదలెట్టడం. నీ పాట పోతుందమ్మా," అంది కూతురు. "ఆఫీసులో సెలవివ్వక నేనెలాగూ రాలేకపోయాను. అందుకే కదా ఈయన చేతికి కెమెరా ఇచ్చి పంపింది."

అల్లుడు కార్డు బయటికి లాగి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అవే రెండు లైన్లు. ఇంత చక్కటి మాటలు టీవీలో ఎప్పుడూ చూడలేదనిపించింది అతనికి.

అత్తగారు హెడ్ నర్సు. నిన్న ఆసుపత్రి వార్షికోత్సవంలో, జీవితంలో మొదటిసారి మైకు పట్టుకుని పాడింది. అల్లుడు హాలు వెనక స్టూలెక్కి కెమెరా పట్టుకున్నాడు. పక్కనే ఉన్న స్పీకరు హోరుకి పాటలో ఒక్క ముక్క కూడా చెవినపడలేదు. ఆవిడ ముఖం తెరకి సరిగ్గా మధ్యలో ఉందా లేదా అన్నదే అతని ధ్యాస. పాట అయిపోయింది, చప్పట్లు మోగాయి. ఇక ఆపుదామని బటన్ నొక్కాడు. ఎర్ర దీపం అప్పుడు వెలిగింది.

అంతవరకూ అది వెలగనే లేదు.

ఆ సంగతి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక నిన్నటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు. అలాంటిది కార్డే పాడైందనేసరికి నెత్తిన పాలు పోసినట్టయింది.

"ఏం చేస్తాం అత్తయ్యగారూ, మన చేతుల్లో ఏముంది? వచ్చే ఏడు మళ్లీ పాడుదురుగాని."

అత్తగారు లేచి చెప్పులు వేసుకుంది. "పదండి అల్లుడుగారూ, రిపేరు షాపుకి వెళదాం. అందులో ఏముందో నా కళ్లతో చూస్తేగాని నాకు మనసు కుదుటపడదు."

"నేనూ వస్తానుండు," అంది కూతురు.

"నువ్వెందుకే? పొయ్యి మీద కూర మాడుతుంది, చూసుకో."

వీధి మలుపులో ఉన్న షాపులో ఒకమ్మాయి కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో ఫోను విప్పుతోంది. కార్డు తీసుకుని కంప్యూటరుకి పెట్టి చూసింది.

"పాత కార్డులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు దీన్లోకి దించారా?"

"అవునండీ, పోయిన వారం. పాతది ఇంకాస్త పెద్దది," అన్నాడు అల్లుడు.

"అదీ సంగతి. ఈ కార్డులో స్థలం చిన్నది, దాని దస్తావేజులో మాత్రం పాత కార్డు కొలతలే ఉన్నాయి. మీ కెమెరా మొహమాటానికి సర్దుకుపోయింది. కంప్యూటరుకి ఆ మొహమాటం లేదు. కొలతలు తేలేదాకా గడప తొక్కదు."

"అయితే ఇంక లాభం లేదన్నమాట," అన్నాడు అల్లుడు ఆశగా.

"ఎందుకు లేదండీ? దస్తావేజులో అంకె దిద్దితే సరి. ముందు మొత్తానికి ఒక నకలు తీసి పెట్టుకుంటాను. చెయ్యి జారినా పోయేదేం ఉండదు."

"ఎందుకమ్మా నీకంత శ్రమ? అసలే చేతినిండా పనితో ఉన్నావు. అత్తయ్యగారికి ఎక్కువసేపు నిలబడితే మోకాళ్లు..."

"వార్డులో రోజంతా నిలబడే మోకాళ్లేగా, వాటికేం కాదు," అంది అత్తగారు. "నువ్వు కానియ్యి తల్లీ."

నకలు తయారైంది. ఆ అమ్మాయి అంకె దిద్దింది. కార్డు తెరుచుకోలేదు. అల్లుడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ అమ్మాయి తెర మీద మళ్లీ వేలు పెట్టి లెక్కచూసి, "ఇంకొంచెం తగ్గాలి," అని ఇంకోసారి దిద్దింది. ఈసారి కార్డు బుద్ధిగా తెరుచుకుంది.

పాతవాటి చివర నిన్నటి తేదీతో వీడియో ఒక్కటే ఉంది. అత్తగారు కంప్యూటరు మీదికి వంగింది. అల్లుడు గోడకి ఆనుకున్నాడు.

తెర మీద ముందు నేల కనిపించింది. తర్వాత స్టూలు కాళ్లు, ఆపైన అల్లుడి ఎడమకాలి చెప్పు. వాటి వెనక నుంచి స్పష్టంగా అతని గొంతే, "చచ్చాన్రా దేవుడా," అంది. అంతటితో సరి.

"ఇంకేం లేదా?" అంది అత్తగారు.

"తుడిచేసినవి కూడా వెతికానండీ. పాటంటూ ఏదీ దీన్లోకి ఎక్కనే లేదు."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశానండీ."

అత్తగారు బల్లమీద మోచేతులు ఆనించి ముఖం అరచేతుల్లో దాచుకుంది. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. షాపు అమ్మాయి కంగారుగా మంచినీళ్ల సీసా అందించింది. అల్లుడు గోడ వదిలి ఆవిడ దగ్గరికొచ్చాడు.

"అత్తయ్యగారూ, తప్పు నాదే. బటన్ సరిగ్గా నొక్కలేదు. నిన్ననే చెప్పాల్సింది, నోరు రాలేదు. మీరలా ఏడవకండి, మీకు పుణ్యముంటుంది. కావాలంటే హాలు మాట్లాడి, మీ వాళ్లందర్నీ పిలిచి మళ్లీ పాడిద్దాం."

ఆవిడ తలెత్తింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. నవ్వాపుకోలేక మాట పెగలడం లేదు.

"మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి నాయనా," అంది అతని రెండు చేతులూ పట్టుకుని, "రెండో చరణం మర్చిపోయి, మా వార్డులో మందుల పేర్లన్నీ రాగం తీసి పాడేశాను, అది మా అమ్మాయి కంటపడుతుందేమోనని నిన్నటినుంచి నాకు నిద్ర లేదు."