గుప్పెడు మాత్రల పందెం

“నోరు తెరువు! నాలుకెత్తు! దవడలో దాచావేమిటే?”

ఇస్త్రీ బల్లకు అటు అత్త, ఇటు కోడలు. మధ్యలో రెండు గ్లాసుల నీళ్ళు, చెరో గుప్పెడు మాత్రలు. గాలి ఆడాలని తలుపులు బార్లా తెరిచే ఉంచుతారు. పొద్దున్నే వీధి వీధంతా ఈ కుస్తీ చూస్తుంది. వాళ్ళకి వేరే పనేముంది!

“ముందు మీరు అత్తయ్యా. మీరు మింగితేనే నేను.”

“చూడు, మింగటమంటే ఇదీ!” అత్త గుప్పెడూ గుటుక్కుమనిపించి, గెలిచిన పహిల్వానులా తొడ చరిచేది. కోడలు పడీపడీ నవ్వేది. నవ్వుతూనే మింగేది.

అత్తకు హెచ్.ఐ.వి. పాతదే. మందులు వాడుతూ బండి లాగిస్తోంది. దాని మీద టి.బి. వచ్చి పడింది. అదీ మామూలు మందులకు లొంగని మొండి రకం. “ఒక్క ఒంట్లో ఇద్దరు రాకాసులా? నావల్ల కాదు. పోతే పోతా” అని మాత్రలన్నీ కాలవలో పారేసింది. నర్సు బతిమాలింది. డాక్టరు కసిరాడు. ఊహూఁ, వింటేనా!

ఆ సాయంత్రమే కోడలు ఆసుపత్రి నుంచి ఏడుస్తూ వచ్చింది. “నాకూ అదే మొండి టి.బి. అట. నేనూ మింగను. మీకు అక్కర్లేని బతుకు నాకెందుకు అత్తయ్యా?”

అత్త చీపురు అందుకుంది. “మింగకపోయావో, చంపేస్తా!”

అంతే, పందెం మొదలైంది. కడుపులో తిప్పినా, అరికాళ్ళు మొద్దుబారినా, అత్త ఒక్క పూట మానలేదు. తను మానితే ఆ పిల్ల మానేస్తుంది మరి! మందులకు అత్త ఒళ్ళు నల్లబడింది. కోడలు మాత్రం నిగనిగలాడింది. “అంతా నా కాపలా మహిమ!” అని అత్త ఇంటింటికీ చాటుకుంది.

ఇవాళ ఆసుపత్రి వరండాలో డాక్టరు కేకేసి మరీ చెప్పాడు. “అమ్మా, నీ కఫంలో క్రిమి లేదు! టి.బి. పోయింది. హెచ్.ఐ.వి. మందులు మాత్రం మానకు.”

“నా గోల ఎవరడిగారయ్యా?” అత్త ఆయన కోటు పట్టుకుని ఊపేసింది. “నా పిల్ల సంగతి చెప్పు! దానికి పోయిందా, లేదా?”

డాక్టరు నర్సు వంక చూశాడు. నర్సు కోడలి వంక చూసింది.

కోడలు నవ్వాపుకోలేక అక్కడే కూలబడి, కొంగుముడి విప్పి, ఇన్నాళ్ళూ తను మింగిన పిప్పరమెంటు బిళ్ళల్లో మిగిలినవన్నీ అత్త దోసిట్లో పోసింది.