పదకొండో అంతస్తు తలుపు

ఒకరు గీసిన ప్లానును, వాళ్లతో ఏ సంబంధమూ లేని మరొకరు సరిచూడాలి. నిప్పంటుకుంటే జనం బయటపడగలరో లేదో తేల్చే ఆ రెండో మనిషిని నేను.

ఆ భవనంలోకి ఇంకా ఎవరూ కాపురానికి రాలేదు. రాత్రి పనివాళ్లు వెళ్లిపోయాక, మెట్ల మీద నిలబడి, పదకొండో అంతస్తు తలుపు పిడికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగాను. మెట్లలోకి పొగ రాకుండా గాలి కొట్టే ఫ్యాను తలుపును అదిమిపెడుతోంది. ముల్లు పద్దెనిమిది కిలోల దగ్గర ఆగింది.

“ఇది పిల్లలు తెరవలేరండీ,” అన్నాను ఫోనులో, కింద ఉన్న డిజైన్ ఇంజనీరుతో.

“మీరు దేనికి ఒప్పుకున్నారు గనక, మాస్టారూ! ఇదిగో, ఫ్యాను ఆపేశా.”

హోరు ఆగింది. ఇప్పుడు వేలితో లాగినా తలుపు రావాలి. రాలేదు. అవతలి నుంచి ఎవరో తట్టారు, నా నడుము ఎత్తులో.

“పైన ఎవరైనా ఉన్నారా?” ఫోనులోనే అడిగాను.

“మీరే ఉన్నారు. త్వరగా దిగండి, నిద్రొస్తోంది.”

గోడకు కాలు తన్నిపెట్టి రెండు చేతులతో లాగాను. తట్టుడు మోకాళ్ల ఎత్తుకి దిగింది. పొగలో ఊపిరాడనివాళ్లు అలాగే కిందికి జారుతారని ప్రతి రిపోర్టులోనూ రాస్తాను.

“వస్తున్నా నాన్నా, ఆగు,” అన్నాను.

తట్టుడు గడప దగ్గరికొచ్చింది. నేనూ నేల మీద కూలబడి, అక్కడే అరచెయ్యి ఆనించాను. తలుపు వెచ్చగా ఉంది.